బందరు బడిలో ఒక పరదేశి

కూచిపూడి పేరు వినగానే మీ మనస్సులో మెదిలేది సిద్ధేంద్రయోగి. ఆ యోగి ఏర్పరచిన కట్టుబాటు కూడా మీరెరిగినదే. ఆ గ్రామంలో భాగవతుల కుటుంబాలలో జన్మించిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి స్వామి సన్నిధిలో నర్తించాలన్నది ఆ నియమం. పుట్టిన బిడ్డ ముందు దేవుడి సొత్తు, ఆ తరువాతే తల్లిదండ్రుల సొత్తు అన్న భావన అందులో ఇమిడి ఉన్నది. తండ్రి తాళం పట్టి నేర్పితే కొడుకు నేర్చుకున్నాడు. ఆ కొడుకు తన కొడుకుకు నేర్పాడు. శతాబ్దాలుగా ఆ ఊరి ధర్మం అలా చేతులు మారుతూ వచ్చింది.

ఆ కూచిపూడికి తూర్పుగా పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా బందరు ఉన్నది. 1841లో ఆ పట్టణానికి ఒక ఆంగ్లేయ మతగురువు వచ్చి చేరారు. పేరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. ఆయన కోరినదీ పిల్లలనే. దేవుడికి అప్పగించడానికే కోరారు. అయితే ఆ దేవుడు వేరు, ఆ దారి వేరు. భగవద్భక్తుల చరిత్రలు వెదకి చదివే మీకు ఒక క్రైస్తవ మిషనరీ జీవితం ఎందుకన్న సందేహం కలగడం సహజం. కృష్ణాతీరంలోని మన పూర్వుల ఇళ్ళలో ఆయన పేరు విద్యాదాతగా వినబడింది, బిడ్డలను ఇంటికి దూరం చేసినవాడిగానూ వినబడింది. ఆ రెంటినీ ఒకచోట పెట్టి చూడకపోతే మన జిల్లా చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం సగమే తెలిసినట్లవుతుంది.

నోబుల్ 1809లో ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ ప్రాంతంలో ఫ్రిస్బీ అనే చిన్న పల్లెలో జన్మించారు. తండ్రి ఆ ఊరి చర్చి గురువు. మన మాటలలో చెప్పాలంటే పౌరోహిత్యమే ఇంటి వృత్తి. కుమారుడు కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివి, తానూ మతగురువుగా దీక్ష స్వీకరించారు. స్వదేశంలో ఒక చర్చిని చూసుకుంటూ నెమ్మదిగా జీవితం గడపడానికి ఆయనకు ఏ ఆటంకమూ లేదు. కాని విదేశాలకు వెళ్ళి క్రైస్తవ మత ప్రచారం చేయాలన్న తలంపు మనస్సులో నాటుకున్నది. 1799లో లండనులో స్థాపితమైన చర్చి మిషనరీ సొసైటీ అటువంటివారిని ఆఫ్రికాకు, ఆసియాకు పంపుతూ ఉండేది. తెలుగుసీమలో ఉద్యోగాలు చేస్తున్న ఇంగ్లీషు అధికారులు కొందరు చందాలు పోగుచేసి, ఇక్కడికి కూడా ఎవరినైనా పంపవలసిందని ఆ సంఘాన్ని అభ్యర్థించారు. ఆ పిలుపును అందుకున్నవారు ఇద్దరు. ఒకరు నోబుల్. రెండవవారు ఆక్స్‌ఫర్డులో చదువుకున్న హెన్రీ వాట్సన్ ఫాక్స్. నోబుల్‌కు అప్పటికి ముప్పై దాటింది. ఫాక్స్‌కు పాతికేళ్ళు కూడా నిండలేదు.

సూయజ్ కాలువ అప్పటికి లేదు. అది తెరచినది 1869లో. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, నెలల తరబడి సముద్రంమీద గడిపి, మద్రాసులో దిగి, అక్కడినుంచి వారిరువురూ బందరు చేరారు. అలా వచ్చినవారికి స్వదేశం మళ్ళీ కనబడుతుందన్న నమ్మకం ఉండేది కాదు. ఇంటినుంచి ఉత్తరం రావడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టేది. తల్లిదండ్రులు పోయినా, తోబుట్టువుల ఇంట శుభకార్యం జరిగినా, ఆ వార్త ఇక్కడికి చేరేసరికి అక్కడ అంతా ముగిసిపోయి ఉండేది. ఉన్న ఊరును, కన్నవారిని విడిచిపెట్టడం మన సంప్రదాయంలో సన్న్యాసి లక్షణంగా చెప్పుకుంటాము. కాషాయం కట్టకపోయినా నోబుల్ జీవితం ఆ కోవలోకి చేరేదే. ఆయన వివాహం చేసుకోలేదు. బందరులో అడుగుపెట్టిన నాటినుంచి ఇరవై నాలుగేళ్ళపాటు, తుదిశ్వాస విడిచేవరకు, ఒక్కసారి కూడా ఇంగ్లండుకు తిరిగి వెళ్ళలేదు. మిషనరీలకు స్వదేశం వెళ్ళి విశ్రాంతి తీసుకునే ఏర్పాటు ఉన్నా ఆయన దానిని వినియోగించుకోలేదు.

ఆనాటి బందరును కూడా మీరు ఒకసారి ఊహించుకోవాలి. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థానం నెలకొల్పిన నాటి వైభవం అప్పటికి తగ్గిపోయింది. బందరు అద్దకాలకు విదేశాలలో ఉండిన గిరాకీ క్షీణించింది. 1832, 1833 సంవత్సరాలలో వచ్చిన ఘోరమైన కరువు గుంటూరు, కృష్ణా ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. డొక్కల కరువు అని పెద్దలు చెప్పుకునేది దానినే. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయినది 1855లో. అంటే నోబుల్ వచ్చిన నాటి డెల్టా మనమెరిగిన పచ్చని డెల్టా కాదు. వాన కురిస్తే పంట, కురవకపోతే ఆకలి. సముద్రపు గాలి, చిత్తడి నేల, జ్వరాలు. తెల్లవారు అక్కడ ఆరోగ్యంతో నిలవడం కష్టమనే పేరుండేది.

వచ్చిన ఇద్దరూ పనిని రెండుగా పంచుకున్నారు. ఫాక్స్ తెలుగు నేర్చుకుని పల్లెలమీద పడ్డారు. గుడారం వేసుకుని ఒక ఊరినుంచి ఇంకొక ఊరికి సాగిపోతూ, చెట్టుకింద, సంతలో, తిరునాళ్ళలో జనం కూడిన చోటల్లా నిలబడి ప్రసంగించేవారు. ఇక్కడ మీకొక సంగతి స్ఫురించకపోదు. కూచిపూడి భాగవతులు కూడా ఊరూరా తిరిగి, కోవెల ముంగిట రాత్రంతా కృష్ణకథ ఆడి, తెల్లవారాక మరో ఊరికి పయనమైనవారే. అదే డెల్టా, అవే బండిదారులు. అయితే భాగవతులు చెప్పిన కథ వినేవారికి తల్లి ఒడినుంచీ తెలిసినది. ఫాక్స్ చెప్పినది ఎన్నడూ వినని కథ; పైగా ఇంతకుముందు విన్నవన్నీ విడిచిపెట్టమని అడిగే కథ. జనం విన్నారు, ప్రశ్నించారు, వాదించారు, ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఫాక్స్ కథ త్వరగానే ముగిసింది. భార్యకు ఆరోగ్యం చెడడంతో 1845లో స్వదేశానికి బయలుదేరారు. ఓడ ఎక్కిన కొద్దిసేపటికే ఆమె మరణించింది. తల్లిలేని పిల్లలను ఇంగ్లండులో బంధువుల దగ్గర విడిచి ఆయన మళ్ళీ బందరు వచ్చారు. ఆ ఒక్క వాక్యాన్ని మీరు నెమ్మదిగా చదవండి. మతప్రచారకుల ధైర్యాన్ని గురించి మనం మాట్లాడుకుంటాం కాని, ఆ పిల్లలను గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. 1848 నాటికి ఆయన ఆరోగ్యం కూడా పూర్తిగా దెబ్బతిన్నది. ఇంగ్లండు చేరిన కొన్ని నెలలకే, ముప్పై ఒకటవ యేట, కన్నుమూశారు. ఆయన చదివిన రగ్బీ పాఠశాల మిత్రులు నిధి సమకూర్చి, బందరు బడిలో ఆయన పేరుమీద ఒక ఉపాధ్యాయ పదవిని ఏర్పాటు చేశారు.

నోబుల్ ఎంచుకున్నది బడి. వచ్చిన తరువాత రెండేళ్ళు తెలుగు నేర్చుకోవడానికే వినియోగించారు. 1843 నవంబరులో బందరులో ఇంగ్లీషు పాఠశాల తెరచారు. మొదటి రోజున వచ్చిన విద్యార్థులు ఇద్దరు. ఇద్దరు పిల్లలతో ప్రారంభమైన బడిని ఆయన తన జీవితమంతా విడువలేదు. ఊళ్ళు తిరగలేదు, పెద్ద పదవులు కోరలేదు. ఉదయం బడి, సాయంత్రం ఆ పిల్లలతోనే సంభాషణ, ఆదివారం ఆరాధన. లండనులోని సంఘానికి తాను చేసిన పనిని గురించి వ్రాసి పంపడం కూడా మిషనరీ విధులలో ఒకటి. ఇదీ ఆయన దినచర్య. పైనుంచి చూస్తే ఒక సామాన్య బడిపంతులు జీవితం.

బడి లక్ష్యాన్ని మాత్రం ఆయన ఎన్నడూ దాచిపెట్టలేదు. గణితమూ చరిత్రా ఇంగ్లీషూ చెప్పిన ఆ బడిలో బైబిలు పాఠం అందరికీ తప్పనిసరి. ఆ పాఠాన్ని ఆయన మొక్కుబడిగా చెప్పేవారు కారు; దానికోసమే తక్కినవన్నీ అన్నట్లుగా చెప్పేవారు. అయినా బందరులోని బ్రాహ్మణ, వెలమ కుటుంబాలూ ఇతర అగ్రవర్ణ కుటుంబాలూ తమ కుమారులను అక్కడికే పంపించాయి. ఎందుకు పంపించారని మీరు అడగవచ్చు. కారణం కాలంలో ఉన్నది. ఇంగ్లీషు విద్యకే ప్రభుత్వ ధనం వెచ్చించాలన్న నిర్ణయం 1835లో జరిగింది. ఇంగ్లీషు చదివినవారికే ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యమన్న ఉత్తర్వు 1844లో వచ్చింది. కలెక్టరు కచేరీలో, కోర్టులో తమవాడు కూర్చోవాలంటే ఆ భాష రావాలి. బందరులో ఆ భాషను శ్రద్ధగా చెప్పే గురువు నోబుల్. ఇంట్లో సంధ్యావందనం, బడిలో బైబిలు. రెండూ రెండు గదులలో ఉంచుకోవచ్చునని ఆ తండ్రులు భావించినట్లు కనబడుతుంది. చాలామంది విషయంలో అది నిజమూ అయింది.

ఆ బడి వాకిట ఒక గడప ఉండేది. దానిని గురించి చెప్పకుండా నోబుల్ చరిత్ర చెప్పడం న్యాయం కాదు. మాల, మాదిగ, పాకీ కులాల పిల్లలను ఆయన బడిలో చేర్చుకోలేదు. వారిని చేర్చుకుంటే అగ్రవర్ణాలవారు రారన్నది ఆయన లెక్క. పైకులాలు మారితే సమాజమంతా వెనుకనే వస్తుందన్నది ఆయన సిద్ధాంతం. ఇంగ్లండులో ప్రభువుల బిడ్డలను సేవకుల బిడ్డల సరసన కూర్చోబెట్టగలమా అన్న ధోరణిలో ఆయన తన పద్ధతిని సమర్థించుకునేవారు. సాటి క్రైస్తవులలోనే కొందరు దీనిని గట్టిగా ఆక్షేపించారు. దేవుడి ఎదుట అందరూ సమానమని బోధించే గురువు బడి గుమ్మంలో కులం చూడడం ఏమిటన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు నోబుల్ చెప్పిన సమాధానం నాటి మిత్రులను తృప్తిపరచినట్లు లేదు. నేటి మనల్ని అసలు తృప్తిపరచదు. మన ఆలయాల గుమ్మాలలో కూడా ఆ గడపే ఎంతకాలం ఉన్నదో మీకు తెలుసు కనుక, ఈ విషయంలో ఆయనను వేలెత్తి చూపే తొందర మనకూ తగదు.

బడి తెరచిన తొమ్మిదేళ్ళవరకు ఒక్క విద్యార్థి కూడా మతం మారలేదు. పట్టణం ఊరటతో ఉన్నది. 1852లో ఆ ఊరట చెదిరింది. మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, అయినాల భూషణం అనే వెలమ యువకుడు ఇల్లు విడిచి నోబుల్ దగ్గరకు వెళ్ళి, క్రైస్తవ మతం స్వీకరిస్తామన్నారు. బాప్తిస్మం జరిగింది.

ఆ రోజులలో ఈ మాటకు ఎంత బరువు ఉండేదో ఈనాటి మీకు అర్థం కావాలంటే ఆచారాన్ని తలచుకోవాలి. మతం మారిన కొడుకు ఇంటికి చచ్చినవాడితో సమానం. బ్రతికి ఉండగానే వాడికి ఘటశ్రాద్ధం పెట్టే ఆచారం ఉండేది. వాడు తాకిన మంచినీళ్ళు పనికిరావు. వాడితో కలిసి భోజనం లేదు. తండ్రి పోతే కర్మ చేయడానికి వాడు ఉండడు. వాడి భార్య సుమంగళి అయి ఉండీ ఒంటరిదవుతుంది. మతం మారినా వారసత్వపు ఆస్తి హక్కు పోదని 1850లో కంపెనీ ప్రభుత్వం చట్టం చేసింది కాని, ఇళ్ళలోని దుఃఖానికి ఆ చట్టంతో ఏమి సంబంధం? కన్నతల్లి ఆస్తి కోసం ఏడవదు. సత్యభామ వేషం కట్టించి కొడుకును స్వామికి చూపించుకున్న కూచిపూడి తల్లి ఆనందం ఎటువంటిదో మీరు ఊహించగలరు. ఆ యువకుల తల్లుల బాధ దానికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది.

బందరు అట్టుడికిపోయింది. బడి ఖాళీ అయింది. తొమ్మిదేళ్ళు కష్టపడి చేర్చుకున్న పిల్లలను తల్లిదండ్రులు వెనక్కు తీసుకుపోయారు. ఇదంతా నోబుల్‌కు అనుకోనిదేమీ కాదు. ఆయన ఎదురుచూసినదీ ఈ ఫలమే, భయపడినదీ ఈ ఫలమే. ఒక పక్షాన్ని మాత్రమే నిందించి ఈ ఘట్టాన్ని తేల్చివేయడం సులభం. ఆ యువకులు బుద్ధి తెలిసినవారు. తమ మనస్సాక్షి చెప్పినట్లు నడిచారు. ఆ తల్లిదండ్రులు తమకు ప్రాణంకన్న ఎక్కువైన దానిని కాపాడుకోజూశారు. గురువు తాను సత్యమని నమ్మినదానిని చెప్పారు. ముగ్గురిలో ఎవరూ కపటులు కారు. అయినా రెండిళ్ళు చీకటయ్యాయి. చరిత్రలో కొన్ని చోట్ల దోషిని వెదకినా దొరకడు. గాయం మాత్రం మిగిలే ఉంటుంది.

తరువాత ఏమి జరిగిందో చూడండి. బడి మళ్ళీ నిండింది. ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా. మళ్ళీ పంపడానికి ఉద్యోగం ఒక కారణమైతే, నోబుల్ నడవడి రెండవ కారణం. ఆశ చూపి ఎవరినీ లాగలేదని, ఆయన మాటా బ్రతుకూ ఒకటేనని పట్టణం గమనించింది. మతంలో ఆయనతో ఏకీభవించని పెద్దలు కూడా గురువుగా ఆయనను గౌరవించారు. ఆ తరువాత కూడా అడపాదడపా ఒకరో ఇద్దరో మతం మారడం, బడి కొన్నాళ్ళు పలచబడడం, మళ్ళీ నిండడం జరుగుతూనే వచ్చాయి. అలా మారినవారిలో జానీ అలీ అనే మహమ్మదీయ యువకుడు ఒకరు. ఆయన తరువాత కేంబ్రిడ్జిలో చదివి తానూ మతగురువు అయ్యారు.

ఇల్లు పోగొట్టుకున్న ఆ యువకులకు నోబుల్ ఇల్లే ఇల్లయింది. అవివాహితుడైన ఆ ఆంగ్లేయుడు వారిని తనతోనే ఉంచుకున్నారు, తనతో కూర్చోబెట్టుకుని భోజనం పెట్టారు. తెల్లదొరలు నల్లవారిని వరండా దాటి రానివ్వని కాలమది. ఆ రోజులలో ఇది చిన్న విషయం కాదు. గురుకులం అన్న మాటకు మన శాస్త్రాలు చెప్పిన అర్థంలో ఆ ఇల్లు గురుకులమే. శిష్యులు తండ్రినే పోగొట్టుకుని గురువును పొందారన్నది దానిలోని విషాదం. రత్నమూ భూషణమూ ఆ బడిలోనే పాఠాలు చెప్పారు. తమను వెలివేసిన కుటుంబాల పిల్లలకే వారు అక్షరాలు దిద్దించి ఉంటారని తలచుకుంటే మనస్సు బరువెక్కుతుంది.

నోబుల్ సిద్ధాంతం ఆయన కళ్ళ ముందే తలక్రిందులైంది. ఈ చరిత్రలో అన్నింటికన్న ఆలోచింపజేసే భాగం ఇదేనని నా అభిప్రాయం. పైకులాలు ముందు వస్తాయి, తక్కినవారు వెంట వస్తారని ఆయన ఎదురుచూస్తున్న రోజులలో, బందరుకు దూరంగా, జిల్లా ఎగువ భాగంలో రాఘవాపురం అనే పల్లెలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవారు. దేవుడు ఒక్కడే అయి ఉంటాడన్న ఆలోచన ఆయనకు కలిగింది. ఎవరూ నేర్పకుండానే తన మాటలలో ప్రార్థించుకునేవారు. కృష్ణా స్నానానికి బెజవాడ వెళ్ళినప్పుడు, తన సందేహం తీర్చేవారెవరని ఒక బ్రాహ్మణుడిని అడిగితే, ఆయనే అక్కడ ఉన్న డార్లింగ్ దొర పేరు చెప్పి దారి చూపించాడని అక్కడివారు చెప్పుకుంటారు. 1859లో వెంకయ్య తన వారితో కలిసి డార్లింగ్ చేత బాప్తిస్మం పొందారు. అక్కడినుంచి పల్లెపల్లెకు ఆ మాట పాకింది. ఆ తరువాతి దశాబ్దాలలో కృష్ణా మండలంలో క్రైస్తవ సంఘాన్ని నింపినవారు, నోబుల్ బడి గడప దాటనివ్వని వారే. గుడి వాకిట, బడి వాకిట రెండుచోట్లా ఆగిపోయినవారు తమ దారి తాము వెదకుకున్నారు. ఎందుకు వెదకుకోవలసి వచ్చిందన్న ప్రశ్నను మన ఇళ్ళలో మనమే వేసుకోవాలి; దానికి సమాధానం లండనులో దొరకదు.

చర్చి అంటే ఆదివారంనాడు పాటలు, ప్రసంగం అని మాత్రమే బయటివారికి తోస్తుంది. మిషనరీ పనిలో అది కొంతభాగమే. బాప్తిస్మం కోరినవారికి ముందుగా నెలల తరబడి ప్రశ్నోత్తరాల రూపంలో మతసూత్రాలు నేర్పడం, సంఘంలో తగవులు తీర్చడం, రోగుల దగ్గర కూర్చోవడం, చనిపోయినవారిని పూడ్చడం, ఊరు వెలివేసినవారికి బ్రతుకుతెరువు చూపడం అన్నీ ఆ పనిలోనివే. వీటన్నింటికీ తెలుగువారే గురువులు కావాలి, పరదేశి ఎల్లకాలం ఉండడు కదా అన్న ఆలోచనతో సంఘం స్థానికులను తీర్చిదిద్దింది. పన్నెండేళ్ళ శిక్షణ అనంతరం 1864లో రత్నానికీ భూషణానికీ గురుపట్టం లభించింది. నోబుల్ జీవితంలో ఆనందకరమైన ఘట్టం ఏదంటే బహుశా ఇదే. తన చేత అక్షరాలు నేర్చిన ఇద్దరు తెలుగువారు తనతో సమానమైన పీఠంమీద నిలబడ్డారు.

ఆ ఆనందం ఏడాది తిరగకుండానే బందరుమీద ప్రళయం విరుచుకుపడింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో కూడిన ఉప్పెన పట్టణాన్ని ముంచివేసింది. దాదాపు 30,000 మంది మరణించారు. కెరటం మైళ్ళ దూరం లోపలికి చొచ్చుకుని వచ్చింది. పొలాలు ఉప్పుతేలాయి, మంచినీటి చెరువులు పాడయ్యాయి, శవాలకు అంత్యక్రియలు జరిపేవారే కరువయ్యారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చూసినవారు, విన్నవారు మీ ఇళ్ళలో ఉంటారు. దానితో పోల్చుకుంటే ఆ దృశ్యం మీకు కళ్ళకు కడుతుంది. ఆ రాత్రి నీటికి బ్రాహ్మణుడు లేడు, మాల లేడు, దొర లేడు. గుడి, మసీదు, చర్చి అన్నింటిలోకి ఒకే సముద్రం వచ్చింది.

నోబుల్ ఆ ఉప్పెనను తట్టుకుని బయటపడ్డారు. కాని ఇరవై ఏళ్ళకు పైబడిన ఎడతెగని శ్రమతో శరీరం అప్పటికే శిథిలమైంది. 1865 అక్టోబరు 17వ తేదీన బందరులోనే కన్నుమూశారు. వయస్సు యాభై ఆరు. ముందుగా బయలుదేరిన ఇద్దరిలో ఫాక్స్ స్వదేశంలో మరణిస్తే, నోబుల్ తాను ఎంచుకున్న నేలమీద మరణించారు. సొంతమని చెప్పుకోదగిన సంసారం ఆయనకు లేదు. ఆయనను సాగనంపినవారు ఆయన శిష్యులు. వారిలో ఆయన మతం పుచ్చుకున్నవారు కొందరే. ఆయన జీవితచరిత్రను సోదరుడు ఇంగ్లండులో గ్రంథంగా వ్రాసి ప్రచురించారు.

బడి ఆగలేదు. ఫాక్స్ పేరుమీద ఏర్పడిన పదవిలో వచ్చిన జాన్ షార్ప్ దానిని నడిపారు. బడి పెరిగి నోబుల్ కళాశాల అయింది. అక్కడ చదివినవారిలో అత్యధికులు తమ మతంలోనే ఉండిపోయారు. గుమాస్తాలయ్యారు, వకీళ్ళయ్యారు, ఉపాధ్యాయులయ్యారు. అందులో ఇంగ్లీషు బోధించిన ఆచార్యులలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఒకరు. ఆయన బ్రహ్మసమాజీకులు. విగ్రహారాధన వద్దన్నా ఉపనిషత్తులను తలమీద పెట్టుకున్నవారు. తెల్లని దుస్తులు ధరించి, నిరాడంబరంగా జీవించి, హరిజన బాలబాలికలను తన ఇంటికి తెచ్చి పెంచినవారు. నోబుల్ పేరుతో ఉన్న కళాశాలలో చెప్పిన ఈ హిందూ ఆచార్యులు, నోబుల్ దాటలేకపోయిన గడపను దాటారు.

ఆయన దగ్గర చదువుకున్న శిష్యులలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఉన్నారు. బంగాళంలో మొదలైన స్వదేశీ ఉద్యమం బందరుకు చేరిన తరువాత, విదేశీయుల బడులమీద ఆధారపడకుండా మన పిల్లలకు మన సంస్కృతితోపాటు చేతివృత్తులూ నేర్పే విద్యాలయం కావాలని ఆ ముగ్గురూ సంకల్పించారు. ఇంటింటికీ తిరిగి విరాళాలు సేకరించారు. హనుమంతరావుగారు వకాలతు పట్టా ఉండీ ఆ వృత్తిని కాదని విద్యాలయానికే జీవితం ధారపోశారు. నడివయస్సులోనే కాలధర్మం చెందారు. వారి ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో, నోబుల్ ఇద్దరు పిల్లలతో బడి తెరచిన ఆ బందరులోనే, ప్రారంభమైంది.